పిల్లాడి ప్రశ్న: 1917లో రష్యా ప్రభుత్వాన్ని కాపాడటానికి ఎవరూ ఎందుకు రాలేదు?

సోషల్_మేడమ్ · గురువారం రాత్రి

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతాను. ఈ వారం రష్యా విప్లవం పాఠం నడుస్తోంది. అక్టోబరు 24న తిరుగుబాటు మొదలైంది, మర్నాటి రాత్రికి మంత్రులు అరెస్టయ్యారు అని చెప్పి పేజీ తిప్పబోతుంటే వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. మామూలుగా నోరు విప్పడు వాడు. "మేడమ్, ప్రభుత్వం అంటే పోలీసులుంటారు, సైన్యం ఉంటుంది కదా. మరి కాపాడటానికి ఎవరూ ఎందుకు రాలేదు?"

"అది బలహీనమైన ప్రభుత్వం నాన్నా" అన్నాను. "ఎందుకు బలహీనమైంది మేడమ్?" అన్నాడు. అంతలో బెల్లు కొట్టారు. ఇంటికొచ్చి పుస్తకం మళ్లీ తీశాను. అందులోనూ "బలహీనమైన" అన్న ఒక్క మాటే ఉంది, కారణం లేదు. అడిగే పిల్లలు తరగతికి ఒకరిద్దరే ఉంటారు. వాడికి అరకొర జవాబు చెప్పి కూర్చోబెట్టాలని లేదు నాకు. చదివినవాళ్లు కాస్త వివరంగా రాయండి, ఎంత పెద్దదైనా చదువుతాను.

పాత_అల్మరా · గురువారం రాత్రి

మేడమ్, ఆ పిల్లాడికి నా తరఫున శభాష్ చెప్పండి. ఈ ప్రశ్నకు జవాబు అక్టోబరులో దొరకదు, ఫిబ్రవరి నుంచి రావాలి. ముందు తేదీల చిక్కు తీసేస్తాను. అప్పటి రష్యా క్యాలెండరు మనకన్నా 13 రోజులు వెనక. అందుకే అక్టోబరు విప్లవం పండగ నవంబరు 7న చేసేవాళ్లు. నేను వాళ్ల పాత తేదీలే రాస్తాను.

1917 ఫిబ్రవరి 23, మహిళా దినం. రాజధాని పెట్రోగ్రాడ్‌లో రొట్టె కోసం చలిలో గంటల తరబడి వరుసలు. వైబోర్గ్ పేట నేతమిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు మగ్గాలు ఆపి వీధిలోకొచ్చారు, పక్క ఫ్యాక్టరీల మగవాళ్లను కూడా కేకేసి పిలిచారు. నాలుగు రోజులకు, 27న, వొలీన్‌స్కీ రెజిమెంటు సైనికులు ఇక జనం మీద కాల్చేది లేదని తిరగబడ్డారు. ఆ సాయంత్రానికి నగరంలోని సైన్యంలో ఎక్కువ భాగం జనంతో కలిసిపోయింది. మార్చి 2న జార్ నికొలాస్ ప్స్కోవ్‌లో తన రైలుపెట్టెలోనే గద్దె దిగుతున్నట్టు సంతకం పెట్టాడు. తమ్ముడు మిఖాయిల్ మర్నాడే నాకొద్దన్నాడు. మూడు వందల ఏళ్ల రొమానోవ్ వంశం అక్కడితో సరి.

మీవాడు అడిగిన పోలీసులు ఆ వారంలోనే పోయారు. స్టేషన్లు తగలబడ్డాయి, పాత పోలీసు వ్యవస్థే రద్దయింది. అంటే కొత్త ప్రభుత్వం పుట్టేసరికే దాని చేతిలో లాఠీ లేదు.

సైన్యం సంగతి ఇంకా విచిత్రం. తౌరీదా ప్రాసాదం అని ఒక పెద్ద భవనం. దాని ఒక పక్క డ్యూమా, అంటే జార్ కాలపు పార్లమెంటు, సభ్యులు చేరి తాత్కాలిక ప్రభుత్వం ఏర్పాటు చేశారు. ప్రధాని ప్రిన్స్ ల్వోవ్, విదేశాంగం మిల్యుకోవ్‌ది, యుద్ధ శాఖ గుచ్‌కోవ్‌ది, న్యాయ శాఖ కెరెన్‌స్కీది. అదే భవనం రెండో పక్క కార్మికులు, సైనికులు ఎన్నుకున్న ప్రతినిధులతో పెట్రోగ్రాడ్ సోవియట్ కూర్చుంది. గద్దె ఒకరిది, జనం ఇంకొకరి వెంట. దీన్నే ద్వంద్వాధికారం అంటారు. సైన్యం, రైళ్లు, తపాలా, టెలిగ్రాఫ్ అన్నీ సోవియట్ చేతిలో ఉన్నాయని, అది ఒప్పుకున్నంత మేరకే మా ఆజ్ఞలు నడుస్తున్నాయని యుద్ధ మంత్రి గుచ్‌కోవ్ మార్చి మొదట్లోనే జనరల్ అలెక్సేయెవ్‌కు ఉత్తరం రాశాడు. ప్రభుత్వానికి అప్పటికి ఇంకా పది రోజులు కూడా నిండలేదు!

మాజీ_సుబేదార్ · శుక్రవారం ఉదయం

నమస్తే మేడమ్. నేను ఇరవై నాలుగేళ్లు సైన్యంలో చేశాను. పుస్తకాలు రాసేవాళ్లు సైన్యం సంగతి ఒక వాక్యంలో ముగించేస్తారు, నాకు మాత్రం అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది.

మార్చి 1న సోవియట్ "ఉత్తర్వు నంబర్ 1" అని ఒక కాగితం జారీ చేసింది. ప్రతి దళంలో సైనికులు కమిటీని ఎన్నుకోవాలి. ఆయుధాలు కమిటీ అదుపులో ఉండాలి, అధికారులకు ఇవ్వకూడదు. పైవాళ్ల ఆజ్ఞలు సోవియట్ మాటకు విరుద్ధంగా లేనప్పుడే పాటించాలి. డ్యూటీ లేనప్పుడు సైనికుడు మామూలు పౌరుడే, సెల్యూట్ కొట్టక్కర్లేదు. ఇంకొకటి కూడా ఉంది. అధికారి ఎవరూ సైనికుణ్ణి "నువ్వు" అని పిలవకూడదు, "మీరు" అనాలి. రష్యన్‌లో కూడా మనకున్నట్టే నువ్వు, మీరు వేరువేరు. అందుకే మన పిల్లలకు ఇది చెబితే చప్పున అర్థమవుతుంది. దున్నుకుంటున్న మనిషిని పట్టుకొచ్చి, మొదటి ప్రపంచ యుద్ధం కందకాల్లో దాదాపు మూడేళ్లు కూర్చోబెట్టి, చెంపదెబ్బలు కొట్టి, "నువ్వు" అని పిలిచారు. ఇప్పుడు ఒక కాగితం వచ్చి నువ్వూ మనిషివే అంది. ఆ కాగితం ఇచ్చినవాళ్ల మాట వింటాడా, పాత అధికారి మాట వింటాడా?

సైనికుడిగా నాకు ఆ ఉత్తర్వు చదివితే గుండె బరువెక్కుతుంది. ఆయుధాల మీద కమాండింగ్ ఆఫీసర్‌కు హక్కు లేదంటే అక్కడితో ఆ దళం అయిపోయినట్టే. కానీ ఆ కాగితాన్ని ఆశగా చేతిలో పట్టుకున్న సిపాయిని కూడా నేను తప్పుపట్టలేను.

పాలమూరు_పిల్లోడు · శుక్రవారం మధ్యాహ్నం

సార్, నేను గ్రూప్స్‌కి చదువుతున్నా. ఒక డౌట్. లెనిన్‌ని జర్మనీవాళ్లే రైలెక్కించి పంపారు, డబ్బులూ ఇచ్చారు, అందుకే ప్రభుత్వం పడిపోయింది అని వీడియోల్లో చెబుతున్నారు. ఇంత వివరం అవసరమా, అది ఒక్కటి చెబితే సరిపోదా?

ఎర్రమల్లె · శుక్రవారం సాయంత్రం

తమ్ముడూ, రైలు సంగతి నిజమే. లెనిన్, ఇంకో ముప్పైమందికి పైగా ప్రవాసులు స్విట్జర్లాండ్ నుంచి జర్మనీ మీదుగా వచ్చారు. శత్రుదేశంలో కలకలం రేగితే తమకు లాభమని జర్మనీ దారిచ్చింది. ఏప్రిల్ 3 రాత్రి ఫిన్‌లాండ్ స్టేషన్లో దిగాడు. జర్మన్ డబ్బు గురించి జులైలో ప్రభుత్వమే కాగితాలు బయటపెట్టింది, దాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

కానీ ఒక్కటి ఆలోచించు. డబ్బుతో పత్రిక అచ్చువేయొచ్చు. ఆ పత్రిక చదివి "ఇది నా మాటే" అని సైనికుడు అనుకోవాలంటే ఆ బాధ వాడిలో ముందే ఉండాలి. లెనిన్ దిగిన మర్నాడు చెప్పింది విని సొంత బోల్షెవిక్ పార్టీవాళ్లే తెల్లబోయారు. యుద్ధం ఆపాలి, భూమి ఇవ్వాలి, ఈ ప్రభుత్వానికి మద్దతివ్వకూడదు, అధికారమంతా సోవియట్లకే చెందాలి అన్నాడు. ఏప్రిల్లో అది పిచ్చి మాటలా అనిపించింది. అదే మాట అక్టోబరుకు వీధిలో జనం మాటైంది. లెనిన్ మాట వల్ల కన్నా, ప్రభుత్వం చేసిన పనులు చూసే జనం మారారు.

ఏం చేసిందంటావా? జనం యుద్ధం వద్దన్నారు. మిత్రదేశాలకు ఇచ్చిన మాట తప్పకుండా చివరి దాకా పోరాడతామని మిల్యుకోవ్ ఏప్రిల్ 18న విదేశాలకు లేఖ పంపాడు. వీధులు భగ్గుమన్నాయి, మిల్యుకోవ్, గుచ్‌కోవ్ ఇద్దరూ రాజీనామా చేశారు. మే 5న సోవియట్‌లో బలంగా ఉన్న రెండు సోషలిస్టు పార్టీలు, మెన్షెవిక్కులు, ఎస్సార్లు, అంటే సోషలిస్ట్ రివల్యూషనరీలు, మంత్రివర్గంలో చేరారు. నా దృష్టిలో అది వాళ్ల పెద్ద తప్పు. అప్పటి వరకు సోవియట్ నాయకులుగా జనం వాళ్లను నమ్మారు. మంత్రులయ్యాక ప్రభుత్వ పాపాలన్నింటిలో వాళ్లకూ వాటా పడింది. బయట మిగిలిన పెద్ద పార్టీ ఒక్క బోల్షెవిక్కులే.

జూన్‌లో సోవియట్ల మొదటి మహాసభలో మెన్షెవిక్ మంత్రి త్సెరెతెలీ, మీరు తప్పుకోండి మేం ఏలుతాం అనగల పార్టీ ఇవాళ రష్యాలో లేదు అంటే, కూర్చున్న చోటి నుంచి లెనిన్ "ఉంది" అన్నాడు. ఆ సభలో ఓటు హక్కున్న 800 మందికి పైగా ప్రతినిధుల్లో బోల్షెవిక్కులు 105 మందే.

పాత_అల్మరా · శుక్రవారం రాత్రి

ఎర్రమల్లె గారు చెప్పినదానికి జోడిస్తాను, కాస్త విభేదిస్తాను కూడా. బోల్షెవిక్కులు నిచ్చెన ఎక్కినట్టు మెట్టుమెట్టుగా పైకి పోలేదు. జులైలో దాదాపు అయిపోయారు.

జూన్ 18న కెరెన్‌స్కీ గలీసియాలో పెద్ద దాడి చేయించాడు. అప్పటికి యుద్ధ మంత్రి ఆయనే. తనే యుద్ధరంగానికి వెళ్లి ఉపన్యాసాలతో సైనికుల్ని కదిలించాడు. రెండు వారాలు కాస్త ముందుకెళ్లారు, ఆపైన జర్మన్ల ఎదురుదాడితో అంతా కుప్పకూలింది. మమ్మల్ని కూడా అక్కడికి తోలుతారని రాజధానిలోని మొదటి మెషిన్‌గన్ రెజిమెంటు జులై 3న ఆయుధాలతో వీధిలోకొచ్చింది. మర్నాడు దగ్గర్లోని క్రాన్‌స్టాట్ నౌకాస్థావరం నావికులు వేలమంది వచ్చారు. ఆ గుంపులో ఒక కార్మికుడు ఎస్సార్ నాయకుడు చెర్నోవ్ మొహం మీద పిడికిలి ఆడిస్తూ, "అధికారం చేతికిస్తుంటే తీసుకోవేంరా!" అని తిట్టాడు. నాకు ఎప్పుడూ గుర్తుండిపోయే దృశ్యం అది. జనం బలవంతంగా చేతిలో పెడుతున్నా సోవియట్ నాయకులు అధికారం పుచ్చుకోలేదు.

బోల్షెవిక్ నాయకత్వం ఆ ఊరేగింపును ఆపాలో నడిపించాలో తేల్చుకోలేక తడబడింది. తర్వాత వాళ్ల వైపు నాయకులు ట్రాట్‌స్కీ, కామెనెవ్ జైలుకెళ్లారు. లెనిన్ గడ్డం గీయించుకుని రజ్‌లీవ్ సరస్సు దగ్గర గడ్డిగుడిసెలో దాక్కుని, అక్కడి నుంచి ఫిన్‌లాండ్ వెళ్లిపోయాడు. ల్వోవ్ తప్పుకున్నాడు, కెరెన్‌స్కీ ప్రధాని అయ్యాడు, వయసు 36. మార్చిలో తామే రద్దుచేసిన మరణశిక్షను జులై 12న యుద్ధరంగంలో తిరిగి తెచ్చారు. కొన్నాళ్లకు కెరెన్‌స్కీ జార్ల వింటర్ ప్యాలెస్‌లోనే కాపురం పెట్టాడు. జనం దాన్ని కళ్లారా చూశారు.

ఆ నెల ఎవరినడిగినా బోల్షెవిక్కుల పని అయిపోయిందనేవాళ్లు. ఆగస్టులో వాళ్లకు మళ్లీ ఊపిరి పోసింది ఒక జనరల్, ఆయనతో పాటు కెరెన్‌స్కీ.

గుంతకల్_జంక్షన్ · శుక్రవారం రాత్రి

ఆగస్టు సంగతి నేను రాస్తానండీ. ముప్పై ఏళ్లు రైల్వే టెలిగ్రాఫ్, సిగ్నల్స్‌లో పనిచేశాను, ఈ భాగం నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

జనరల్ కోర్నిలోవ్‌ను జులైలో సర్వసైన్యాధ్యక్షుణ్ణి చేసింది కెరెన్‌స్కీయే. క్రమశిక్షణ తిరిగి రావాలని ఇద్దరికీ ఉంది. కానీ ఎవరు ఎవరి కింద అన్నది తేలలేదు. ఆగస్టు 21న రీగా జర్మన్ల వశమైంది, రాజధానికి దారి తెరుచుకుంది. అప్పుడు మధ్యవర్తినంటూ వి. ఎన్. ల్వోవ్ అనే మాజీ మంత్రి దిగాడు. పాత ప్రధాని ల్వోవ్ వేరు, ఈయన వేరు. ఈయన అక్కడి మాట ఇక్కడ, ఇక్కడి మాట అక్కడ మార్చి చెప్పి, అధికారమంతా తన చేతిలో పెట్టాలని కోర్నిలోవ్ అడుగుతున్నాడని కెరెన్‌స్కీకి చేరవేశాడు.

26 రాత్రి కెరెన్‌స్కీ హ్యూస్ యంత్రం ముందు కూర్చున్నాడు. మాట కొడితే అవతల కాగితం మీద అచ్చయ్యే టెలిగ్రాఫ్ అది. అవతల సైనిక ప్రధాన కేంద్రం మొగిలెవ్‌లో కోర్నిలోవ్. పక్కన ల్వోవ్ లేకపోయినా ఉన్నట్టే కెరెన్‌స్కీ సందేశం కొట్టించాడు. "ల్వోవ్ చెప్పింది నిజమేనని ధ్రువపరచండి" అన్నాడు, ఏం చెప్పాడో మాత్రం అడగలేదు. కోర్నిలోవ్ కూడా ఏం చెప్పాడని తిరిగి అడక్కుండా అవునన్నాడు. లైన్ క్లియర్ ఇచ్చేటప్పుడు ప్రతి నంబరూ అవతలివాడు తిరిగి చదివి వినిపించాలి అనేది మాకు మొదటి రోజు నేర్పిన పాఠం. ఒక దేశం భవిష్యత్తు ఆ చిన్న జాగ్రత్త లేకుండా నడిచింది. దాన్ని తిరుగుబాటుకు రుజువుగా తీసుకుని కెరెన్‌స్కీ ఆయన్ను పదవి నుంచి తీసేశాడు. కోర్నిలోవ్ దిగనన్నాడు. జనరల్ క్రీమోవ్ కింద అశ్వికదళం రైళ్లలో పెట్రోగ్రాడ్ వైపు కదిలింది.

ఆ రైళ్లను ఆపింది తుపాకులు కాదండీ. రైల్వే కార్మికులు కొన్నిచోట్ల పట్టాలు పీకేశారు, బోగీల్ని వేరే లైన్ల మీదికి మళ్లించారు, టెలిగ్రాఫ్ వాళ్లు జనరల్స్ తంతులు అందకుండా చేశారు. దళాలు మధ్యలో చిక్కుకుపోతే సోవియట్ మనుషులు వెళ్లి సైనికులతో నేరుగా మాట్లాడారు. కాకసస్ కొండజాతుల "అడవి డివిజన్" దగ్గరికి వాళ్ల భాష వచ్చిన ముస్లిం పెద్దల్నే పంపారు. నాలుగైదు రోజుల్లో, దాదాపు పోరాటమే లేకుండా, అంతా చల్లారిపోయింది. క్రీమోవ్ తనను తాను కాల్చుకున్నాడు.

ఇక్కడే కెరెన్‌స్కీ తన గొయ్యి తాను తవ్వుకున్నాడు. నగర రక్షణకు బోల్షెవిక్కుల సాయం తీసుకోవాల్సి వచ్చింది. కార్మికుల రెడ్ గార్డులకు తుపాకులు అందాయి, మళ్లీ వెనక్కి రాలేదు. ఆగస్టు 31న పెట్రోగ్రాడ్ సోవియట్‌లో బోల్షెవిక్ తీర్మానం మొదటిసారి నెగ్గింది. కొద్ది రోజులకే మాస్కో కూడా. సెప్టెంబరు 25న ట్రాట్‌స్కీ పెట్రోగ్రాడ్ సోవియట్ అధ్యక్షుడయ్యాడు. మరోవైపు అధికారులంతా కెరెన్‌స్కీ మా జనరల్‌ను మోసం చేశాడని అసహ్యించుకున్నారు. కుడివైపువాళ్లూ పోయారు, ఎడమవైపువాళ్లూ పోయారు.

సోషల్_మేడమ్ · శనివారం మధ్యాహ్నం

ఇవాళ ఉదయం క్లాసులో ఫిబ్రవరి నుంచి కోర్నిలోవ్ దాకా చెప్పాను. నువ్వు, మీరు సంగతి చెప్పగానే పిల్లలందరూ నిటారుగా కూర్చున్నారు సుబేదార్ గారూ, మీకు చాలా థ్యాంక్స్. ఒక అమ్మాయి అడిగింది: "ఊళ్లలో రైతులు ఏం చేస్తున్నారు మేడమ్? పట్నం కథే చెబుతున్నారు." వాళ్లది కౌలు కుటుంబం. ఆ ప్రశ్న నాకెందుకు రాలేదా అనుకున్నాను.

మాగాణి_రైతు · శనివారం సాయంత్రం

ఆ పాపకు నా దీవెనలు. నేను పెద్దగా చదవలేదు కానీ ఈ ముక్క మాత్రం తెలుసుకున్నాను.

రష్యా రైతు మాట ఒక్కటే: భూమి దున్నేవాడిది, దొరది కాదు. జార్ పోగానే భూమి వస్తుందనుకున్నాడు. ప్రభుత్వం ఆగమంది. దేశమంతా ఓట్లేసి ఎన్నుకునే రాజ్యాంగ సభ వచ్చాకే భూమి సంగతి తేలుస్తామంది. మాట న్యాయంగానే ఉంది. కానీ ఆ ఎన్నికలేవీ? సెప్టెంబరు 17 అన్నారు, తర్వాత నవంబరు 12కి వాయిదా వేశారు. విత్తనం వేసే కాలం ఎవరి కోసమూ ఆగదు కదా. వేసవి నుంచే రైతులు దొరల గడ్డి కోసుకెళ్లారు, అడవి నరికారు, భూములు పంచుకున్నారు, శరదృతువుకు కొన్నిచోట్ల బంగళాలు తగలబడ్డాయి. వ్యవసాయ మంత్రిగా ఉన్న చెర్నోవ్ రైతుల పార్టీ మనిషే, అయినా తోటి మంత్రులు ఆయన చేయి కదలనివ్వలేదు.

సైనికుల్లో ఎక్కువమంది రైతు బిడ్డలే. ఊళ్లో భూమి పంచుతున్నారని కందకంలో ఉన్నవాడికి ఉత్తరం వస్తే వాడి మనసు తుపాకీ మీద ఉంటుందా? తన వాటా పోతుందేమోనని వేలమంది చెప్పాపెట్టకుండా ఇంటిదారి పట్టారు. మేడమ్, కాపాడటానికి ఎవరూ ఎందుకు రాలేదన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదే. రావాల్సినవాళ్లు పొలానికి పోయారు.

మాజీ_సుబేదార్ · శనివారం రాత్రి

రైతు గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఇక అక్టోబరు. ఇది తుపాకుల కథ అనుకుంటారు, నేను సంతకం కథ అంటాను.

అక్టోబరు మొదట్లో జర్మన్లు బాల్టిక్ దీవులు పట్టుకున్నారు. రాజధానిలోని దళాల్ని యుద్ధరంగానికి పంపాలని ప్రభుత్వం అనుకుంది. దళాలు భయపడ్డాయి, మమ్మల్ని పంపించేసి నగరాన్ని జర్మన్లకు వదిలేస్తారేమోనని కూడా అనుమానించాయి. సోవియట్ ఒక సైనిక విప్లవ కమిటీ పెట్టింది, రక్షణ చూసుకోవడానికే అని చెప్పింది. అక్టోబరు 21 రాత్రి ఆ కమిటీ మనుషులు సైనిక కార్యాలయానికి వెళ్లి కల్నల్ పొల్కొవ్నికోవ్‌తో, ఇక నుంచి మా సంతకం లేని ఆజ్ఞ చెల్లదు అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. మర్నాడు ఆ మాటే దళాలన్నిటికీ పంపారు, దళాలు సరేనన్నాయి. నా లెక్కలో ప్రభుత్వం పడిపోయింది ఆ రోజే. వింటర్ ప్యాలెస్ తర్వాత తతంగం.

ట్రాట్‌స్కీ అంతకుముందు సెస్ట్రోరెత్స్క్ తుపాకుల ఫ్యాక్టరీకి 5,000 రైఫిళ్లు ఇమ్మని కాగితం రాస్తే ఇచ్చేశారు. 23న ఆయనే పీటర్-పాల్ కోటకెళ్లి మాట్లాడితే అక్కడి సైనికులు ఇటు తిరిగారు. ఫిరంగులు నేరుగా వింటర్ ప్యాలెస్ వైపు చూసే కోట అది. ఒక్క తూటా పేలలేదు.

పాత_అల్మరా · శనివారం రాత్రి

సుబేదార్ గారు సరిగ్గా పట్టుకున్నారు. పార్టీ లోపల అంత సులువుగా జరగలేదని కూడా పిల్లలకు చెప్పండి. లెనిన్ విగ్గు పెట్టుకుని రహస్యంగా నగరానికొచ్చాక అక్టోబరు 10న ఒక ఫ్లాట్‌లో కేంద్ర కమిటీ కూర్చుంది. తిరుగుబాటు సిద్ధం చేయాలని 10 మంది, వద్దని ఇద్దరు, కామెనెవ్, జినోవియెవ్. కామెనెవ్ 18న వేరే పత్రికలో తన అభ్యంతరం బయటపెట్టేశాడు కూడా. అంటే ప్రభుత్వానికి వారం ముందే తెలుసు!

తెలిసి ఏం చేసింది? 24 తెల్లవారుజామున కొంతమంది క్యాడెట్లను, అంటే సైనిక పాఠశాల విద్యార్థులను, పంపి బోల్షెవిక్ పత్రికల ప్రెస్సుకు సీలు వేయించింది. కొన్ని గంటల్లో కమిటీ సైనికులు వచ్చి సీలు తెంచి మళ్లీ అచ్చు మొదలుపెట్టారు. మేం దాడి చేయడం లేదు, సోవియట్‌ను కాపాడుకుంటున్నాం అని చెప్పుకునే అవకాశం కెరెన్‌స్కీయే చేతికిచ్చాడు.

అదే రోజు ఆయన ప్రీ-పార్లమెంట్‌కు, అంటే రాజ్యాంగ సభ వచ్చేదాకా పెట్టిన సలహా సభకు, వెళ్లి పూర్తి మద్దతు అడిగాడు. సాయంత్రం ఓటింగ్ జరిగింది. 123-102తో నెగ్గిన తీర్మానం ఏం చెప్పిందో తెలుసా? తిరుగుబాటును ఆపాలంటే వెంటనే శాంతి ప్రయత్నాలు మొదలుపెట్టాలి, భూమి రైతుల కమిటీలకు అప్పగించాలి అంది. ఎనిమిది నెలలుగా వాయిదా వేస్తూ వచ్చిన రెండు పనులను ఆయన సొంత మనుషులే ఆఖరి రాత్రి గుర్తుచేశారు. కెరెన్‌స్కీ కోపంతో రాజీనామా చేస్తానన్నాడు.

ఆ రాత్రి చిన్న చిన్న బృందాలు వంతెనలు, స్టేషన్లు, టెలిగ్రాఫ్, విద్యుత్ కేంద్రం, తెల్లవారేసరికి స్టేట్ బ్యాంకు, టెలిఫోన్ ఎక్స్ఛేంజి తీసుకున్నాయి. చాలాచోట్ల కాపలా మారినట్టే మారింది. కెరెన్‌స్కీ కొసాక్కు గుర్రపు రెజిమెంట్లను పిలిచాడు. పదాతిదళం తోడు లేకుండా మేం ఒంటరిగా రాము అన్నారు. 25 ఉదయం 10 గంటలకు ప్రభుత్వం కూలిపోయిందని కమిటీ ప్రకటన వేసింది. మంత్రులేమో ఇంకా ప్యాలెస్‌లో సమావేశంలోనే ఉన్నారు. కెరెన్‌స్కీ దళాల కోసం కారులో నగరం దాటాడు. ఆ రోజు ట్రాములు నడిచాయి, రాత్రికి నాటకశాలలు కూడా నడిచాయి.

వేలమంది గేట్లెక్కి దూకే దృశ్యం పదేళ్ల తర్వాత సినిమా కోసం తీసింది. నిజానికి ప్యాలెస్‌లో కాపలాకు మిగిలింది కొంతమంది క్యాడెట్లు, మహిళా దళంలో ఒక కంపెనీ. సాయంత్రం నుంచి వాళ్లూ ఒక్కొక్కరే జారుకున్నారు. రాత్రి 9:40కి అరోరా నౌక ఖాళీ గుండు పేల్చింది. తెల్లవారుజామున 2 దాటాక బోల్షెవిక్ నాయకుడు అంతొనోవ్-ఒవ్‌సెయెంకో లోపలికెళ్లి చిన్న భోజనాల గదిలో కూర్చున్న మంత్రుల్ని అరెస్టు చేశాడు.

నల్లకోటు · ఆదివారం ఉదయం

మూడు రోజులుగా చదువుతున్నాను, చాలా బాగా రాస్తున్నారు. వకీలుగా ఒక్క విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. "సోవియట్లకు అధికారం" వేరు, "ఒక పార్టీకి అధికారం" వేరు. మేడమ్, ఈ తేడా పిల్లలకు తప్పకుండా చెప్పండి.

25 రాత్రి సోవియట్ కార్యాలయమున్న స్మోల్నీ భవనంలో సోవియట్ల రెండో మహాసభ మొదలైంది. మెన్షెవిక్కుల్లో ఎడమ పక్షం నాయకుడు మార్తోవ్, గొంతు సరిగా పెగలని జబ్బు మనిషి, లేచి రక్తపాతం ఆపి సోషలిస్టు పార్టీలన్నీ కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేద్దామన్నాడు. సభ ఏకగ్రీవంగా ఒప్పుకుంది! ఏకగ్రీవంగా. తర్వాత తిరుగుబాటుకు నిరసనగా మెన్షెవిక్కులు, ఎస్సార్లలో కుడి పక్షాలు సభ నుంచి వెళ్లిపోయాయి. ట్రాట్‌స్కీ వాళ్లను చరిత్ర చెత్తబుట్టలోకి పొమ్మన్నాడు. మార్తోవ్ కూడా వెళ్లిపోయాడు. ఆ ఒక్క గంటలో పోగొట్టుకున్నదాని గురించి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

నవంబరు 12న మొదలైన రాజ్యాంగ సభ ఎన్నికల్లో 4 కోట్లకు పైగా జనం ఓటేశారు. ఆడవాళ్లకూ ఓటుంది. బోల్షెవిక్కులకు దాదాపు 24 శాతం, ఎస్సార్లకు దాదాపు 40. సభ 1918 జనవరి 5న ఒకే ఒక్క రోజు కూర్చుంది. దానికి మద్దతుగా వచ్చిన ఊరేగింపు మీద కాల్పులు జరిగాయి. తెల్లవారుజామున జెలెజ్‌న్యాకోవ్ అనే నావికుడు వేదిక దగ్గరికొచ్చి, కాపలావాళ్లు అలిసిపోయారు, ఇక లేవండి అన్నాడు. అంతే. జనం కోరినవి చేశారు కాబట్టి గెలిచారన్న మాట నేను ఒప్పుకుంటాను. జనం ఓటు మాత్రం ఖాతరు చేయలేదు.

ఎర్రమల్లె · ఆదివారం మధ్యాహ్నం

నల్లకోటు గారూ, కాల్పుల్ని నేను సమర్థించను. సభ రద్దును సమర్థించే వాదనలు నేనూ చదివాను, మనసుకు పూర్తిగా పట్టలేదు. కానీ ఆ ఎన్నికల్లో పెట్రోగ్రాడ్, మాస్కో నగరాల్లో మొదటి స్థానం బోల్షెవిక్కులదే. రాజధానికి దగ్గరున్న ఉత్తర, పశ్చిమ యుద్ధరంగాల సైనికులూ వాళ్లకే వేశారు. అధికారం ఎక్కడ తేలుతుందో అక్కడ బలం వాళ్లదే. పైగా ఎస్సార్లు ఎడమ, కుడిగా చీలిపోయాక కూడా ఓటరు ముందున్నది చాలాచోట్ల పాత ఉమ్మడి జాబితానే.

భూమి సంగతి చూడండి. అక్టోబరు 26 రాత్రి లెనిన్ చదివిన భూమి డిక్రీలో, అంటే ప్రభుత్వ ఆజ్ఞలో, ప్రధాన భాగం 242 గ్రామాల అర్జీల నుంచి ఎస్సార్లు కూర్చిందే. ఇది మా కార్యక్రమం అని వాళ్లు అంటే, ఎవరు రాస్తే ఏం, రైతుకు కావాల్సింది అదే కదా అన్నాడు. మంత్రి పదవిలో కూర్చుని వాళ్లు చేయలేని పనిని ఆయన ఒక్క రాత్రిలో కాగితం మీద పెట్టాడు. మీరన్న నష్టం నిజమే. అయినా ఆ డిక్రీ విన్న సైనికుడు కెరెన్‌స్కీ కోసం తుపాకీ ఎత్తడు.

పాలమూరు_పిల్లోడు · ఆదివారం సాయంత్రం

అన్నా, మేడమ్, ఇదంతా నోట్స్ రాసుకున్నా. ఇక ఆ ఒక్క వీడియోతో సరిపెట్టుకోను. ఒక చివరి డౌట్. కెరెన్‌స్కీ కారులో దళాల కోసం వెళ్లాడన్నారు కదా, దొరికాయా?

మాజీ_సుబేదార్ · ఆదివారం రాత్రి

దొరికాయి తమ్ముడూ. అంత పెద్ద సైన్యంలో ఆయన వెంట కదిలింది జనరల్ క్రాస్నోవ్ కొసాక్కులు, వెయ్యికి లోపే. గాచినా, త్సార్‌స్కోయె సెలో తీసుకుని, అక్టోబరు 30న పుల్కొవో గుట్టల దగ్గర రెడ్ గార్డులు, నావికులతో తలపడి వెనక్కి తగ్గారు. ఆ తర్వాత నావికుల నాయకుడు దిబెంకో గాచినాకు వెళ్లి కొసాక్కులతోనే నేరుగా మాట్లాడాడు. మిమ్మల్ని మీ డాన్ నది ఊళ్లకు పోనిస్తాం, కెరెన్‌స్కీని అప్పగించండి అన్నాడు. కొసాక్కులు ఒప్పుకున్నారు. వాళ్లకూ మూడేళ్లయింది ఇల్లు చూసి. నవంబరు 1న కెరెన్‌స్కీ నావికుడి బట్టలు వేసుకుని తప్పించుకున్నాడు. 1970లో న్యూయార్క్‌లో పోయేదాకా ఆ రోజుల గురించి రాస్తూనే ఉన్నాడు.

సోషల్_మేడమ్ · ఆదివారం రాత్రి

రేపు మొదటి పీరియడ్ నాదే. బోర్డు మీద నేవా నది, వంతెనలు గీసి మొదలుపెడతాను. ముందు ఆ పిల్లాణ్ణే లేపి, ఒకరు వచ్చారు నాన్నా అని ఈ కొసాక్కుల సంగతి చెబుతాను. కౌలు అమ్మాయితో 242 అర్జీల కథ చదివిస్తాను. మార్తోవ్ గురించి పరీక్షలో రాదు, అయినా చెబుతాను. ఇద్దరూ ఏమడిగారో మంగళవారం ఇక్కడే రాస్తాను.